శత్రువును ప్రేమించడం, గుప్పిలి విప్పి ఇవ్వడం: ఆచరణకు దశలవారీ మార్గదర్శి

"శత్రువును ప్రేమించమని ఏటా వింటూనే ఉన్నాం. సోమవారం పొద్దున లేచి ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు." ఈ మాట చాలామంది అంటున్నారు. పొలం గట్టు దగ్గర తగాదా పడ్డ అన్నదమ్ములు, ఆస్తి పంపకాల్లో అన్యాయం జరిగిందని కుమిలే అక్కచెల్లెళ్లు, సంఘం రెండు వర్గాలైపోయినా ఒకే బల్ల దగ్గరకు వస్తున్నవాళ్లు ఇలా అడుగుతారు. కానుకల గురించి కూడా అడుగుతారు. ఎంత ఇవ్వాలి, ఎవరికివ్వాలి, అప్పుల్లో ఉన్నా ఇవ్వాలా అని.

రెండింటికీ కలిపే రాస్తున్నాను, ఎందుకంటే లూకా సువార్త 6వ అధ్యాయం 27 నుంచి 38 వరకు ప్రభువు వాటిని కలిపే చెప్పాడు. మనమే విడదీశాం. "ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును" అనే 38వ వచనాన్ని కానుకలు పట్టే వేళ చదువుతాం. అదే బోధ మొదట్లో ఉన్న "మీ శత్రువులను ప్రేమించుడి" ఇంకో ఆదివారానికి వెళ్లిపోతుంది. పన్నెండు వచనాలూ ఏకబిగిన చదివితే, శత్రువును ప్రేమించడమంటే అతనికి ఏదో ఒకటి ఇవ్వడమేనని తెలుస్తుంది. అది ప్రార్థన కావచ్చు, పలకరింపు, అన్నం, గడువు, డబ్బు ఏదైనా కావచ్చు. మేలు చేయుడి, దీవించుడి, ప్రార్థన చేయుడి, ఇయ్యుడి: అన్నీ చేసే పనులే. మనసు మెత్తబడేదాకా ఆగమని అక్కడ ఎక్కడా లేదు.

## 1. మొదలుపెట్టే ముందు

ఒక వారం సిద్ధపాటుకే పెట్టుకోండి. ఆవేశంలో బయలుదేరి, గుమ్మం దగ్గరే మళ్లీ మాటామాటా పెరిగి తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- లూకా 6:27–38, మత్తయి 5:38–48, రోమా 12:14–21, రెండవ కొరింథీ 8, 9 అధ్యాయాలు. రోజుకొకటి, తొందర లేకుండా చదవండి.
- ఇంట్లో ఎవరూ తెరవని ఒక నోటుపుస్తకం.
- నెల ఖర్చుల లెక్క, అప్పుల చిట్టా.
- నోరు జారని ఒక పెద్దమనిషి. గొడవలో ఏ పక్షానికీ చెందనివారైతే మంచిది.

## 2. ముందు ఇది తేల్చుకోండి: మీకు ప్రమాదం ఉందా?

ఈ దశ దాటవేయకండి. ఇంట్లో కొడుతున్న భర్త, కట్నం కోసం వేధించే అత్తమామలు, పిల్లల మీద చేయి వేసే బంధువు, ప్రాణాలు తీస్తామని బెదిరించే మనిషి. మీ శత్రువు ఇలాంటివారైతే మొదటి పని దూరం జరగడం, సాయం పిలవడం. అత్యవసరానికి 112, మహిళలకు 181, పిల్లల కోసం 1098.

"ఒక చెంప మీద కొడితే రెండోది చూపించమన్నాడుగా" అంటూ ఆడపిల్లను మళ్లీ ఆ ఇంటికే పంపిన పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు. అది ఆ వాక్యానికి చేసిన అన్యాయం. విచారణలో బంట్రౌతు చెంప మీద కొట్టినప్పుడు "నన్నేల కొట్టుచున్నావు?" అని ప్రభువే నిలదీశాడు (యోహాను 18:23). ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరలో వేసిన అధికారులు తామే వచ్చి వెలుపలికి తీసుకుపోవాలని పౌలు పట్టుబట్టాడు (అపొస్తలుల కార్యములు 16:37). తర్వాత కైసరు ఎదుట చెప్పుకొంటానన్నాడు (25:11). కూలీల మీద, దళితుల మీద దౌర్జన్యం జరిగినప్పుడు వాళ్ల నోరు మూయించడానికి ఈ బోధను వాడడం ఇంకా పెద్ద తప్పు.

కాబట్టి ఫిర్యాదు చేయవచ్చు, కేసు నడపవచ్చు. వదులుకోవాల్సింది పగ. దొంగ సాక్ష్యం, సంబంధం లేని వాళ్ల పేర్లు ఇరికించడం, ఎదుటివాడి ఇల్లు కూలాలని కోరుకోవడం కూడా దాంతోపాటే వదలాలి.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు చిన్న కొడుకులు ఫిలిప్, తిమోతిలను వాహనంలోనే సజీవంగా దహనం చేశారు. హంతకులను క్షమిస్తున్నానని ఆయన భార్య గ్లాడిస్ బహిరంగంగా చెప్పారు. కోర్టులో విచారణ ఆగలేదు, శిక్షలు పడ్డాయి. ఆమె బారిపదలో కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. క్షమాపణ, న్యాయం రెండూ ఒకే జీవితంలో పక్కపక్కన నడిచాయి.

## 3. పేరు పెట్టి రాయండి

"నాకు శత్రువులెవరూ లేరండీ" అనేవాళ్లు ఆరాధన అయ్యాక ఎవరికి వందనాలు చెప్పకుండా తప్పుకుంటున్నారో గమనించుకోవాలి. పెళ్లి కార్డు ఎవరికి వేయలేదు? ఎవరి ఫోన్ వస్తే ఎత్తరు? ఆ పేరు రాయండి. ఒక్క పేరే. ఒకేసారి అయిదుగురితో మొదలుపెడితే ఏదీ సాగదు.

పేరు కింద మూడు ముక్కలు:

1. అతను చేసింది ఏమిటి? జరిగింది మాత్రమే. "వాడి బుద్ధే అంత" అని రాస్తే కొట్టేయండి. "గట్టు రెండడుగులు ఇటు జరిపాడు" అని రాయండి.
2. నేను పోగొట్టుకున్నది ఏమిటి? భూమి, డబ్బు, పరువు, పిల్లల పెళ్లిసంబంధం.
3. నేను చేసింది ఏమిటి?

మూడో ముక్క పెద్దదిగా తేలితే దారి మారుతుంది. అప్పుడు మీరు క్షమించాల్సినవారు కారు, క్షమాపణ అడగాల్సినవారు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమన్నది (మత్తయి 5:23–24) అలాంటివారికే. పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. తిరిగి ఇవ్వాల్సింది చేతిలో పెట్టుకుని "క్షమించు తమ్ముడూ" అంటే సరిపోదు.

## 4. ప్రార్థన: వరుస ముఖ్యం

మొదట కోపం దేవుని దగ్గర కుమ్మరించండి. 55వ కీర్తన తెరవండి. నన్ను నిందించింది శత్రువు కాదు, నా సహచరుడే, నా చెలికాడే అని అక్కడ కీర్తనకారుడు విలపిస్తాడు. ఆ మాటలు మీవి చేసుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

తర్వాతే అతని కోసం అడగండి. "ప్రభువా, వాడికి బుద్ధి చెప్పు" అన్నది అతని కోసం చేసిన ప్రార్థన కాదు. అతని అవసరాలు అడగాలి. కూతురి పరీక్షలు, మిర్చి ధర, షుగర్, బ్యాంకు నోటీసు. అవేమిటో మీకు తెలియకపోతే అతని గురించి మీకెంత తక్కువ తెలుసో అక్కడే బయటపడుతుంది.

రోజూ ఒకే వేళకు, ఒకే పేరుతో, రెండు నిమిషాలు చాలు. ఒకరోజు తప్పితే మరునాడు అందుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కూటాల్లో "ప్రార్థన అంశం" పేరుతో అతని సంగతులు బయటపెట్టకండి. "మా మరిది విషయం ప్రార్థనలో పెట్టండి, ఏం చేశాడో తెలుసా" అని మొదలైనది చాడీగానే ముగుస్తుంది.

## 5. నాలుక, ఫోను

కనీసం ఒక నెల పాటు ఈ నిబంధన పెట్టుకోండి:

- మూడో మనిషి దగ్గర అతని ప్రస్తావన తేను. సలహా కోసం ఎంచుకున్న పెద్దమనిషి దగ్గర తప్ప.
- అతనికి తగిలేలా వాట్సాప్ స్టేటస్‌లో వాక్యం పెట్టను. లేఖనాన్ని రాయిలా విసరడం మన కాలపు పాపం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి.
- ఎవరైనా అతని గురించి చెడుగా మొదలుపెడితే మాట మారుస్తాను.
- ఎదురుపడితే వందనాలు చెబుతాను. జవాబు రాకపోయినా మరుసటి వారం మళ్లీ చెబుతాను.

చివరిది అన్నిటికన్నా కష్టం. మన సహోదరులకు మాత్రమే వందనం చేస్తే మనం ఎక్కువ చేస్తున్నదేమిటని ప్రభువు అడిగింది (మత్తయి 5:47) సరిగ్గా దీన్నే.

## 6. మొదటి మేలు: చిన్నది, అవసరమైనది, చాటింపు లేనిది

ధర్మశాస్త్రంలోనే దీనికి నమూనా ఉంది. నీ శత్రువు ఎద్దో గాడిదో తప్పిపోయి కనిపిస్తే తోలుకొచ్చి అప్పగించు. నిన్ను ద్వేషించేవాడి గాడిద బరువు కింద పడితే అతనితో కలిసి లేపు (నిర్గమకాండము 23:4–5). ముందు రాజీ పడమని అక్కడ లేదు. ముందు పశువు.

మన ఊళ్లలో దీని రూపం ఇలా ఉంటుంది. అతని గేదె మీ చేలో పడితే బందెలదొడ్డికి తోలకుండా అతని గుమ్మానికి తోలండి. కాలువ నీటి వంతు మీదైన రోజున అతని మడి ఎండుతుంటే మీది తడిశాక అటు మళ్లించండి. ఆ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే క్యారియర్ పంపండి. చావు జరిగితే వెళ్లండి. పిలవలేదని ఆగవద్దు, చావుకు పిలుపు ఉండదు.

మేలు ఎంచుకునేటప్పుడు చూసుకోండి:

- అది అతనికి నిజంగా కావాలా, లేక నాకు చేయాలని ఉందా?
- అతను బదులు తీర్చుకోవాల్సినంత బరువుగా ఉందా? ఉంటే తగ్గించండి.
- ఫోటో, మధ్యవర్తి, "మేమే పంపామని చెప్పు" అనే కబురు ఉన్నాయా? ఉంటే తీసేయండి.

"నీ శత్రువు ఆకలిగొనియుంటే అతనికి భోజనము పెట్టుము" అన్న మాట తర్వాత అతని తలమీద నిప్పులు కుప్పగా పోయడం గురించి ఉంది (రోమా 12:20). ఆ మాట పట్టుకుని, అతను సిగ్గుతో తల దించుకోవాలన్న కోరికతోనే అన్నం పెట్టేవాళ్లున్నారు. తర్వాతి వచనం కూడా చదవండి. కీడు వలన జయింపబడక, మేలు చేత కీడును జయించమంటుంది. సిరియా సైన్యం చేజిక్కినప్పుడు ఎలీషా వాళ్లకు విందు చేయించి పంపించాడు. దాడి చేసే దండులు మళ్లీ ఇశ్రాయేలు దేశంలోకి రాలేదని గ్రంథం చెబుతుంది (2 రాజులు 6:22–23).

## 7. కూర్చుని మాట్లాడడం

నాలుగైదు వారాలు పై దశలు నడిచాకే ఇది. మత్తయి 18:15–17 వరుస చెబుతుంది. ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, ఆ తర్వాతే సంఘం. మనం తలకిందులు చేస్తాం. ముందు ఊరంతా తెలుస్తుంది, చివరికి అతనికి.

వెళ్లేది పగటిపూట, పనులు లేని వేళ. మాట క్లుప్తంగా ఉండాలి: "అన్నా, గట్టు విషయంలో నాకు బాధ కలిగింది. నేనూ పదిమందిలో మిమ్మల్ని మాటన్నాను, అది తప్పు. దీన్ని తేల్చుకుందామని వచ్చాను." పాతికేళ్ల కిందటి పెళ్లి పందిరి సంగతులు ఎత్తవద్దు.

కుదిరితే నోటిమాటతో వదలకండి. సర్వేయరుతో కొలిపించి కాగితం మీద సంతకాలు పెట్టుకోండి. ప్రేమకూ కాగితానికీ విరోధం లేదు, రేపు పిల్లలు కొట్టుకోకుండా ఉంటారు. కేసు ఇప్పటికే కోర్టులో ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడిగి లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. అక్కడ కోర్టు ఫీజు ఉండదు, ముందు కట్టినది రాజీ కుదిరితే తిరిగొస్తుంది, తీర్పు మీద అప్పీలు ఉండదు. కాబట్టి ఒప్పుకునే ముందు షరతులు బాగా చదువుకోండి.

కుదరకపోతే? "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని పౌలు రాశాడు (రోమా 12:18). మీ వంతు మట్టుకే మీ బాధ్యత. క్షమించడం మీ ఒక్కరి చేతిలో ఉంది. తిరిగి నమ్మడం అతని నడత చూశాక, నెమ్మదిగా.

## 8. ఇవ్వడానికి లెక్క వేసుకోవడం

పౌలు కొరింథువారికి చెప్పిన పద్ధతి చాలా సాదాసీదాగా ఉంది. ప్రతి ఆదివారం, ప్రతివాడూ, తాను వర్ధిల్లిన కొలది కొంత తన దగ్గర తీసిపెట్టాలి (1 కొరింథీ 16:2). అప్పటికప్పుడు జేబులు తడుముకోవద్దని దాని భావం.

తీసిపెట్టే ముందు తీర్చాల్సినవి ఇవి:

1. పనివాళ్ల కూలి. కోతగాళ్లకు మోసంగా బిగపట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు రాశాడు (5:4).
2. గడువు దాటిన అప్పు.
3. తల్లిదండ్రుల మందులు, తిండి. "కొర్బాను" పేరుతో వాళ్లకివ్వాల్సింది దేవునికిచ్చామనేవాళ్లను ప్రభువు గద్దించాడు (మార్కు 7:9–13).

ఆ తర్వాత మిగిలేది కొంచెమే కావచ్చు. కలిగినదాన్ని బట్టే ఇవ్వడం ప్రీతికరమని 2 కొరింథీ 8:12 చెబుతుంది. అప్పు తెచ్చి, బంగారం తాకట్టు పెట్టి కానుక వేయవద్దు.

ఉదాహరణకు ఒక ఇంట్లో నెలకు 2,500 రూపాయలు తీయగలిగారనుకుందాం. 1,250 సంఘానికి. 750 తెలిసిన ఒక కుటుంబానికి, ఫీజుకో మందులకో. మిగతా 500 ఒక కవరులో పేరు రాయకుండా ఉంచండి. 3వ దశలో రాసిన మనిషికి అవసరం పడినప్పుడు తడుముకోకుండా తీయడానికే ఆ కవరు. కూలి చేసుకునేవారు వారానికి, రైతులు పంట అమ్మినప్పుడు తీయవచ్చు. డబ్బే లేనివారికి గుప్పెడు బియ్యం ఉంది. మిజోరంలో క్రైస్తవ గృహిణులు వంట వండిన ప్రతిసారీ ఒక గుప్పెడు పక్కన పెట్టి, దానితోనే పరిచర్యలను పోషిస్తున్నారు.

పదోవంతు గురించి అడుగుతారు. అది మంచి అలవాటు. "కట్టకపోతే శాపం" అని భయపెట్టి వసూలు చేయడం మాత్రం "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" అన్న 2 కొరింథీ 9:7కు ఎదురు. ఇస్తే రెట్టింపు వస్తుందని లూకా 6:38 చూపించి చెప్పేవారినీ నమ్మవద్దు. తీర్పు తీర్చవద్దు, క్షమించు, ఇయ్యి అన్న వరుసలో వచ్చిన మాట అది. అణచి, కుదిలించి కొలిచేది కనికరాన్ని. వడ్డీ లెక్క అక్కడ లేదు.

సంఘానికిచ్చినది ఎలా ఖర్చవుతోందో అడగడం అవిశ్వాసం కాదు. నింద రాకూడదని పౌలు చందా సొమ్మును పలువురి చేత పంపించాడు (2 కొరింథీ 8:20–21). ఆ చందా ఎవరికి? అన్యజనుల సంఘాలు యెరూషలేములోని యూదు విశ్వాసులకు పంపినది. ఆ రెండు వర్గాల మధ్య ఎంత అనుమానం ఉందంటే, ఈ పరిచర్య వాళ్లకు ప్రీతికరం కావాలని ప్రార్థించమని పౌలే బతిమాలుకున్నాడు (రోమా 15:30–31). మీరిచ్చింది తిరస్కరిస్తారేమోనని భయపడేవారు ఈ భాగం చదవండి.

## 9. చేబదులు అడిగితే

లూకా 6:35లో "అప్పియ్యుడి" అని కూడా ఉంది. ఆచరణలో ఇలా:

- పోయినా ఇల్లు గడిచేంత మొత్తమే ఇవ్వండి. 50,000 అడిగితే 5,000 ఇవ్వగలనని చెప్పడం తప్పు కాదు.
- బీదవారి దగ్గర వడ్డీ వద్దు (నిర్గమకాండము 22:25).
- ఇచ్చేటప్పుడే మనసులో తేల్చుకోండి, ఇది అప్పా, దానమా? దానమైతే నోటు రాయించవద్దు.
- పూచీ సంతకం పెట్టవద్దు. సామెతలు 22:26 దీన్ని సూటిగా హెచ్చరిస్తుంది.
- తాగుడుకో పేకాటకో పోతుందని తెలిస్తే చేతికి డబ్బు ఇవ్వకండి. బియ్యం కొట్టుకో, ఆసుపత్రికో నేరుగా కట్టండి. ప్రభువు చెప్పిన కథలో, దారిలో దెబ్బలు తిని పడి ఉన్న యూదుణ్ణి ఆదుకున్న మంచి సమరయుడు కూడా రెండు దేనారములు పూటకూళ్లవానికే ఇచ్చాడు. దేనారము అంటే ఆనాటి ఒక రోజు కూలి. తనను అంటరానివాడిగా చూసే జాతి మనిషి కోసం రెండు రోజుల కూలి పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్నాడు.

## 10. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

"క్షమించాను కానీ మర్చిపోలేను." మర్చిపోమని ఎవరూ అడగలేదు. గుర్తొచ్చినప్పుడల్లా 4వ దశకు తిరిగి వెళ్లండి.

వెళ్లాను, తిట్టి పంపాడు. వెంటనే మళ్లీ వెళ్లవద్దు. ప్రార్థన, వందనం ఆపకండి. రెండు మూడు నెలలు చూసి పెద్దమనిషితో వెళ్లండి.

బాగా ఇచ్చాను, వాడుకుంటున్నారు. అడిగిన ప్రతిసారీ ఇవ్వడం మీ ఇంటిని ముంచుతుంటే మొత్తం తగ్గించి, మర్యాద తగ్గించకండి.

ఇచ్చినది నోట్లోంచి జారిపోతోంది. "మేం కాబట్టి చేశాం" అన్న మాట వస్తోందంటే, తర్వాతి నెల ఎవరిచ్చారో తెలియకుండా ఇవ్వండి. కుడిచేయి, ఎడమచేయి సంగతి (మత్తయి 6:3) దీని కోసమే.

భార్యకు లేదా భర్తకు ఇష్టం లేదు. గాయపడింది వాళ్లయితే తొందరపెట్టకండి. వాళ్ల తరఫున మీరు క్షమించలేరు. కవరు డబ్బు ఇద్దరూ ఒప్పుకున్నాకే తీయండి.

## 11. వారం చివర చూసుకోవాల్సిన పట్టీ

- పేరుతో ప్రార్థించానా?
- అతని గురించి చెడుగా ఎక్కడైనా మాట్లాడానా?
- ఎదురుపడితే వందనం చెప్పానా?
- తీసిపెట్టాల్సింది తీసిపెట్టానా?
- కూలి, అప్పు ఎవరికైనా బిగపట్టానా?

## 12. ఆ మనిషి చనిపోయి ఉంటే

ఇది చాలామంది గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. సమాధానపడే లోపే మామయ్యో అన్నయ్యో వెళ్లిపోయారు, ఇప్పుడేం చేయాలి?

2 సమూయేలు 9వ అధ్యాయం చదవండి. సౌలు రాజు దావీదును ఏళ్ల తరబడి చంపాలని తరిమాడు. సౌలు పోయాక దావీదు ఆ ఇంటివారెవరైనా మిగిలారా అని వెదికించాడు. సౌలు మనవడు, యోనాతాను కొడుకు మెఫీబోషెతు దొరికాడు, రెండు కాళ్లూ కుంటివి. సౌలు భూములన్నీ అతనికి తిరిగిప్పించి, తన బల్ల దగ్గరే భోజనం పెట్టాడు.

మీకూ అదే దారి. అతని పిల్లలు, మనవలు ఎక్కడున్నారో కనుక్కోండి. మీ దగ్గర మిగిలిపోయిన వాళ్ల వాటా ఉంటే ముందు అది అప్పగించండి. తర్వాత వాళ్లలో చదువుకుంటున్నవారి ఫీజు గడువు తేదీ అడిగి, ఆ 500 రూపాయల కవరు మీద వాళ్ల పేరు రాయండి.